అద్దానికే తగిలే గాలి

మూడోసారి చేసినప్పుడు, ఇక ఆగిపోతుందనగా అవతల ఫోన్ ఎత్తారు. ఎత్తిందెవరో తెలుసుకుని మాట్లాడే ఓపిక నాకెప్పుడూ లేదు.

"ఏం బాబాయ్, పొద్దుట్నుంచీ చేస్తన్నాను, ఎత్తరేటి? ఏసీ వేస్తే బండిలో ఈల చప్పుడొస్తంది. ఇవాళ వస్తారా, రారా?"

ఒక ఆడమనిషి గొంతు, "ఆయన లేరమ్మా" అంది.

"పనికెళ్ళేరా?"

"లేరమ్మా. నిన్నటితో పదకొండు రోజులూ అయిపోయేయి."

తల తీసేసినట్టయింది. నేను నెహ్రూ నగర్ నుంచి, పికప్ బండి మాది, అని ఏదో నసిగాను. "ఓ, మీరా అమ్మా. బాబుగారు ఎలగున్నారు?" అని అడిగింది ఆవిడ. మొగుడు పోయి పన్నెండు రోజులైన మనిషి నా మొగుడి ఆరోగ్యం అడుగుతోంది. బాగున్నారని చెప్పి పెట్టేశాను. పెట్టేశాక చాలాసేపు ఫోన్ అలాగే పట్టుకుని కూర్చున్నాను. అందులో ఆయన పేరు "ఏసీ బాబాయ్" అని ఉంటుంది. అసలు పేరు నేనెప్పుడూ అడగలేదు. మా తెలుగువాళ్ళం బాబాయ్ అనేవాళ్ళం, హిందీవాళ్ళు చాచా అనేవారు, ఇక్కడి ఛత్తీస్‌గఢీ వాళ్ళు కకా అనేవారు. అన్నిటికీ పలికేవాడు. పేరుతో అవసరం రాలేదు.

ఆయన సంగతి చెప్పాలంటే ముందు మా బండి సంగతి చెప్పాలి.

అందరూ రిటైరయ్యాక కారు కొనుక్కుంటారు. మా ఆయన పికప్ కొన్నారు. అదీ పాతది, రెండు వరసల సీట్లు, వెనకాల సామాను తొట్టి. స్టీలు ప్లాంటువాళ్ళిచ్చిన సెక్టర్ టూ క్వార్టర్ ఖాళీ చేసి నెహ్రూ నగర్లో ఇల్లు కట్టుకున్నాక ఇదేం ముచ్చటండీ అంటే, "మన తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వంటపాత్రలు ఎవరు మోస్తారే?" అన్నారు. అన్నట్టుగానే ఊళ్ళో వాళ్ళ గుండిగలూ, బీరువాలూ అన్నీ మోసిపెట్టారు. ఆ తర్వాత ఆయన ఊపిరితిత్తులు మొండికేశాయి. కొంత సిగరెట్లది, కొంత వయసుది. నాలుగు మెట్లెక్కితే నిలబడి ఆయాసపడే స్థితికి వచ్చారు. డాక్టర్లు ప్రతి సోమవారం రాయపూర్ తీసుకురమ్మన్నారు, అక్కడ ఊపిరితిత్తులకి కసరత్తు చేయిస్తారు. అది మానితే ఉన్న బలం కూడా పోతుందన్నారు. యాభయ్యారేళ్ళ వయసులో నేను పికప్ నడపడం నేర్చుకున్నాను. కార్లలో సీటు కిందికి ఉంటుంది, ముడుచుకు కూర్చుంటే ఆయనకి ఊపిరాడదు. పికప్‌లో కుర్చీలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చోవచ్చు. కాబట్టి ఆ బండే గతి.

సరిగ్గా ఎండలు ముదిరాక ఆ బండికి జబ్బు చేసింది. ఏసీ చల్లగానే ఉంటుంది, గాలీ జోరుగానే వస్తుంది, కానీ అంతా ముందు అద్దం మీదికే పోతుంది. మీట ముఖం బొమ్మ మీద పెట్టినా అద్దానికే, కాళ్ళ బొమ్మ మీద పెట్టినా అద్దానికే. ముఖానికెదురుగా ఉన్న జాలీల్లోంచి చీమ ఎగిరే గాలి కూడా రాదు. నాబోటిదానికైతే అది చిరాకు, అంతే. మా ఆయనకి అలా కాదు. గాలి ముఖానికి తగలకపోతే ఊపిరి అందడం లేదని ఆయనకి భయం. భయం వేసిందంటే నిజంగానే అందదు. కిటికీ తీద్దామంటే రోడ్డంతా లారీలు, దుమ్ము. వరసగా రెండు సోమవారాలు సగం దారిలో ఉన్న కుమ్హారీ దాకా వెళ్ళి, ఆయన తలుపు మీద చేత్తో కొడుతూ "తిప్పు, తిప్పు" అంటుంటే వెనక్కి తిరిగొచ్చాం. మూడో సోమవారం బండే ఎక్కలేదు. "నేను రాను" అని గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను అరిచాను. వీధి చివరిదాకా వినపడేలా అరిచాను. గోడ కదిలిందిగానీ ఆయన కదల్లేదు.

ఈలోగా బండిని ముగ్గురు మేస్త్రీలకి చూపించాను. మొదటివాడు "గ్యాస్ కమ్ హై ఆంటీ" అని గ్యాస్ నింపాడు. చల్లదనం ఎక్కువై అద్దానికి బయటివైపు నీళ్ళు పట్టడం మొదలైంది. రెండోవాడు లోపల మోటారు పోయిందన్నాడు. అంత పాత బండిలో దానికి మోటారే ఉండదని, మీటకీ లోపలి రేకుకీ మధ్య ఒక తీగ మాత్రమే ఉంటుందని నాకు తర్వాత తెలిసింది. మూడోవాడు కాస్త తెలిసినవాడు, జారిపోయిన ఆ తీగని మళ్ళీ తగిలించాడు. రెండు రోజులు ఆగి అది మళ్ళీ జారిపోయింది. అప్పుడు మా సందు చివర ఆటో నడిపే అతను, "చరోదా వాలే కకా కో బులా లో దీదీ, రైల్ కా ఏసీ బనాతే థే" అన్నాడు. చరోదాలో ఉండే కకాని పిలవమని, ఆయన రైలు ఏసీలు బాగుచేసేవాడని చెప్పి నంబరిచ్చాడు.

శనివారం పొద్దున్నే బాబాయ్ మోపెడ్ మీద వచ్చాడు. పొట్టి మనిషి, డెబ్భైకి దగ్గర. మెడలో గంఛా తువ్వాలు, చెవి మీద సుద్దముక్క. మోపెడ్‌ని నీడలో, ముందుచక్రం గేటువైపు తిప్పి పెట్టాడు. సంచీలోంచి ఇనప తీగకి కుట్టిన చిన్న ఎర్రగుడ్డ తీసి బండి వైపర్ కింద దోపాడు. అప్పటిదాకా నన్ను పలకరించలేదు.

"ఏంటిది?" అన్నాను.

"జెండా అమ్మా. ఇది ఉన్నంతసేపు బండి నాది. ఎవురూ ముట్టకండి. పెట్టినోడే తియ్యాల."

చరోదా యార్డులో ఆయన రైల్వే ఏసీ బోగీల మీద పనిచేశాడట. బోగీ కింద దూరేముందు జెండా పెట్టాలి, పని అయ్యాక ఎవరు పెట్టారో వాళ్ళే తియ్యాలి, పెద్ద అధికారి వచ్చినా ముట్టకూడదు. అది అక్కడి కట్టుబాటు. నా ఇంటి ముంగిట్లో నా బండి మీద ఈ కట్టుబాటేమిటని నాకు అప్పుడే చుర్రుమంది.

తర్వాత ఆయన చేసిన పని చూసి మాత్రం తగ్గాను. అంతకుముందు వచ్చిన ముగ్గురూ బండికేమైందని నన్ను అడిగారు. ఈయన నా మొహం కూడా చూడకుండా వరండాలో కూర్చున్న మా ఆయన దగ్గరికి వెళ్ళి, మెట్టు మీద గొంతుక్కూర్చుని, "బాబుగారూ, గాలి మీకెక్కడ కావాల?" అని అడిగాడు.

మా ఆయన చెయ్యెత్తి ముక్కుకీ నోటికీ మధ్య వేలు పెట్టి చూపించారు. "ఇక్కడ."

"గట్టిగా తగలాలా, మెత్తగానా?"

"మెత్తగా. తగులుతోందని తెలిస్తే చాలు."

"సరే బాబూ" అని లేచాడు.

బండి స్టార్ట్ చేయించి, సంచీలోంచి అగరొత్తి తీసి వెలిగించాడు. జాలీ జాలీ దగ్గరా ఆ పొగ పట్టుకుని అది ఎటు పోతుందో చూడ్డం ఆయన పద్ధతి. రెండో జాలీ దగ్గరికి వచ్చేసరికి వరండాలోంచి మా ఆయన దగ్గు వినపడింది. బాబాయ్ ఉలిక్కిపడి అగరొత్తిని చేత్తోనే నలిపేశాడు. కాలిన వేళ్ళు గంఛాకి తుడుచుకుని, నావైపు తిరిగి, "దారం ఉందేటమ్మా ఇంట్లో?" అన్నాడు. కుట్టుమిషన్ దగ్గరి దారపు ఉండలు తెచ్చిచ్చాను. ఒక్కో జాలీకి ఒక్కో రంగు దారప్పోగు కట్టాడు. మీట ఒక్కొక్క బొమ్మ మీద పెట్టడం, ఏ పోగు ఎగురుతోందో ఏది ఎగరడం లేదో చూడ్డం, అట్టముక్క మీద సుద్దతో గీతలు గీయడం. ఎదురుగా నాలుగు, అద్దం దగ్గర రెండు, కాళ్ళ దగ్గర రెండు. మళ్ళీ మొదట్నుంచి. నేనిచ్చిన టీ చల్లారి మీగడ కట్టాక తాగాడు. వేడిగా ఎందుకు తాగరంటే, "రైల్లో వేడి టీ తాగే టైమెప్పుడు ఉండీదమ్మా, అలవాటు తప్పిపోనాది" అన్నాడు.

మధ్యాహ్నమైంది. ఒక్క స్క్రూ విప్పలేదు.

"చూసింది చాలదా బాబాయ్? విప్పరేటి?"

"ఎటెల్తందో సూడనియ్యండమ్మా ముందు. విప్పడానికేటి, ఎవులైనా విప్పుతారు."

సాయంత్రం దారాలన్నీ విప్పి ఉండలకి చుట్టి, నా ఉండలు నాకిచ్చి, రేపొస్తానని జెండా పీక్కుని వెళ్ళిపోయాడు. నాకు కోపం నషాళానికంటింది. ఎల్లుండి సోమవారం. ఇంకో వారం పోయిందంటే నేనేం చెయ్యాలి? ఆ మాట ఆయనకి చెప్పినా "సూద్దాం" అన్నాడే తప్ప తొందరపడలేదు.

ఆదివారం జరిగింది రాయాలంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మళ్ళీ జెండా దోపి, ఎడమవైపు తలుపు తీసి, సీటు మీద పేపరు పరిచి, సామాన్ల అర మొత్తం ఊడదీసి పక్కన పెట్టాడు. కాళ్ళు బయటా, తల లోపలా, వెల్లకిలా పడుకుని, ఒక చేత్తో టార్చీ, ఇంకో చెయ్యి ఆ బొక్కలోకి మోచేతిదాకా. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. ఆ కాళ్ళు కదలవు. ఇంట్లో మా ఆయన, "ఎందుకే ఆ ముసలాయన్ని చంపుతావు, నేను వెళ్తే కదా" అన్నారు. నేను విసవిసా బయటికి వచ్చి, కుడివైపు తలుపు తీసి, "ఈ జెండాలూ ఈ నాటకాలూ" అంటూ వైపర్ కింద ఎర్రగుడ్డ పీకేసి, ఒకసారి చూద్దామని మీట పట్టుకుని గట్టిగా తిప్పాను.

లోపల టక్కుమంది. ఆయన అరవలేదు. "హ్మ్" అన్నాడు, అంతే.

చెయ్యి బయటికి తీసేసరికి చూపుడువేలు గోరు పక్కన చీరుకుపోయి రక్తం కారుతోంది. జారిన తీగ మళ్ళీ తగిలించి, రేకు మీద వేలు పెట్టి దాని కదలిక చూస్తున్నాడట అప్పుడు. నా చేతిలో జెండా చూశాడు.

"తీసేసేరేటమ్మా?"

ఒక్క ముక్క తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది. తిట్టలేదు. నేను పరుగెత్తి నీళ్ళూ, మందూ, గుడ్డా తెచ్చి కట్టు కట్టసాగాను. అప్పుడు తనే మాట్లాడాడు.

"నేనూ తీసేనమ్మా ఒకసారి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో. రైలు లేటయిపోతందని పెద్దాయన అరుస్తన్నాడు. వేరే ఆయన పెట్టిన జెండా పీకేసేను. బండి కదిలిపోనాది."

"ఆయనకేమైంది?"

"ఏటీ అవలేదు. బీడీ కాల్చుకోడానికి అప్పుడే ఇవతలికొచ్చేడు. అక్కడే నిలబడి నాకేసి సూసేడు. తిట్టలేదమ్మా. అదీ గొడవ."

అంతకుమించి చెప్పలేదు. ఆ మనిషి ఎవరో, తర్వాత ఏమైందో నేను అడగలేదు. కట్టు ముడి వేశాక, నా ఒళ్ళో ఉన్న జెండా అడిగి తీసుకుని, దులిపి, మళ్ళీ వైపర్ కింద పెట్టాడు. నేను వెళ్ళి మెట్టు మీద కూర్చున్నాను.

అసలు సంగతి నాలుగింటికి తేలింది. చిన్న అద్దమూ టార్చీ పెట్టి చూస్తూ, వంచిన తీగతో దేన్నో గెలికి గెలికి, చివరికి అరచేతిలో వేసుకుని బయటికి వచ్చాడు. పోకచెక్క. పసుపు ఇంకా అక్కడక్కడా అంటుకునే ఉంది.

ఇక్కడ విశ్వకర్మ పూజకి ప్లాంటువాళ్ళు అన్ని బళ్ళనీ కడిగి పూజ చేస్తారు. మా ఆయన దాన్ని వాళ్ళ విజయనగరం పద్ధతిలో చేసేవారు. డాష్‌బోర్డు మీద తమలపాకు వేసి, పసుపు రాసిన పోకచెక్కని వినాయకుడిగా నిలబెట్టి, అక్షింతలు చల్లి, సెక్టర్లన్నీ ఒక చుట్టు తిరిగొచ్చేవారు. అద్దం దగ్గర జాలీ పుల్లలు రెండు ఎప్పుడో విరిగాయి. ఆ సందులోంచి స్వామివారు దొర్లి లోపలికి వెళ్ళి, రేకు తిరిగే మూలలో ఇరుక్కుని కూర్చున్నారు. రేకు అద్దంవైపే ఉండిపోయింది. మనం మీట తిప్పుతుంటే రేకు తిరగదు కాబట్టి తీగ జారుతుంది. తీగ తగిలించినవాళ్ళంతా తీగనే చూశారు.

బాబాయ్ ఆ పోకచెక్కని కళ్ళకద్దుకుని, తీసుకెళ్ళి మా ఆయన చేతిలో పెట్టాడు. "మీ దేవుడే బాబూ."

మా ఆయన నవ్వారు. నవ్వితే దగ్గొస్తుందని ఆ వేసవంతా నవ్వనివారు, దగ్గుతూనే నవ్వారు. తర్వాత పని గంటలో అయిపోయింది. పొడిపొడి అయిపోయిన రేకు అంచు స్పాంజి గీకేసి కొత్తది అంటించాడు. విరిగిన క్లిప్పుకి బదులు సైకిల్ స్పోకు ముక్క వంచి తీగ బిగించాడు. మళ్ళీ దారాలు కట్టి అన్ని బొమ్మలూ తిప్పి చూసి, జెండా తీశాడు.

సోమవారం ఏడింటికి పిలవకుండానే వచ్చాడు. బాగుచేసినవాడు మొదటి ప్రయాణంలో వెంట ఉండాలట, అది కూడా వాళ్ళ యార్డు అలవాటే. మా ఆయన మాత్రం మంచం దిగలేదు. నేను అరవడానికి నోరు తెరిచేలోపు బాబాయ్ లోపలికి వెళ్ళి, "ఎక్కడికీ ఎల్లకండి బాబూ. తలుపులు తీసే ఉంటాయి. ఊరికే వచ్చి కూకోండి. మీ ముక్కు కాడికి వస్తందో లేదో మీరే సెప్పాల, నాకెలగ తెలుస్తది?" అన్నాడు.

అలా తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. జాలీలు రెండు ఇటు వంచి, అటు వంచి, "ఇక్కడా? ఇంకొంచెం కిందకా?" అని అడుగుతూ సర్దాడు. మా ఆయన కళ్ళు మూసుకుని ముఖం ముందుకి పెట్టి కూర్చున్నారు. పది నిమిషాలయ్యాక ఆయనే చెయ్యి చాపి తలుపు లాక్కున్నారు. బాబాయ్ గబగబా వెనక సీట్లోకి ఎక్కి నా భుజం మీద తట్టాడు, పోనిమ్మని.

పవర్ హౌస్ దాటాం. చరోదా దాటాం. కుమ్హారీ వచ్చేముందు, ఆయన మళ్ళీ తలుపు మీద కొడతారేమోనని చెవులు రిక్కించాను. పక్కకి చూస్తే ఆయన తల వెనక్కి వాల్చి నిద్రపోతున్నారు. ఎన్ని వారాలైందో ఆయన అలా నిద్రపోవడం చూసి. కుమ్హారీ వెనక్కి వెళ్ళిపోయింది.

వెనకనుంచి బాబాయ్ మెల్లిగా, "అమ్మా, మీరు సరిగ్గా తొంగుంటన్నారా?" అన్నాడు.

"నాకేం, బాగానే ఉన్నాను" అన్నాను.

"ఊఁ."

ఆ "ఊఁ" తర్వాత ఇంకేమీ అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదాన్ని. అడక్కపోయేసరికి నాకే ఆగలేదు. "ఏం బాగు బాబాయ్" అని మొదలుపెట్టాను. రాత్రంతా ఆయన ఊపిరి వింటూ కూర్చుంటానని, మధ్యలో కాస్త ఆగితే నా ఊపిరి ఆగిపోతుందని, అరిచేదంతా అరిచి వంటింట్లోకెళ్ళి కుళాయి తిప్పి ఏడుస్తానని, ఆయన రాను అన్నప్పుడల్లా నన్ను ఒక్కదాన్నీ వదిలేసి పోతానన్నట్టే వినపడుతుందని, అన్నీ చెప్పాను. లారీల మధ్య బండి నడుపుతూ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ చెప్పాను.

"ఈ మాట బాబుగారికి సెప్పేరా?"

"ఆయనకి చెప్పి ఏం లాభం? ఉన్న బాధ చాలదా ఆయనకి?"

"ఊఁ" అన్నాడు మళ్ళీ. ఖారూన్ వంతెన దాటాక, "ఆ లారీని ముందుకెల్లిపోనియ్యండమ్మా" అన్నాడు. ఆ రోజు ఇక అంతే మాట్లాడుకున్నాం.

ఆ తర్వాత మా ఆయన ఒక్క సోమవారం కూడా రానని అనలేదు. ఏడు కొట్టేసరికి చెప్పులు వేసుకుని వరండాలో ఉండేవారు. ఆయనగా ఎప్పుడూ హాస్పిటల్ పేరెత్తేవారు కాదు, నేను "పదండి" అంటే లేచేవారు. నేను ఊరంతా చెప్పాను, మా బాబాయ్ గాలి తిప్పాడు, మా ఆయన దారిలోకి వచ్చారు అని. నాకు తెలిసినవాళ్ళ బళ్ళన్నీ ఆయన దగ్గరికే పంపాను. ఆయన కూడా ప్రతి సోమవారం మేం బయల్దేరే వేళకి ఫోన్ చేసేవాడు.

"ముఖానికొస్తందా అమ్మా?"

"వస్తంది బాబాయ్."

"పెట్టేస్తన్నాను."

ఇంతే. వర్షాలు వెళ్ళి చలికాలం వచ్చినా, ఏసీ వేసే పనే లేకపోయినా ఆ ఫోన్ ఆగలేదు. మళ్ళీ ఈ ఎండాకాలం దాకా వస్తూనే ఉంది. మొన్న రెండు సోమవారాలు రాలేదు. నేను గమనించనేలేదు. ఈల చప్పుడొచ్చాకనే ఆయన గుర్తొచ్చాడు. ఇది నా మీద నాకున్న కోపాల్లో అన్నిటికన్నా పెద్దది.

కబురు విన్న రోజు సాయంత్రమే ఇద్దరం చరోదా వెళ్ళాం. రైల్వే కాలనీ వెనకాల రెండు గదుల ఇల్లు. గుమ్మం పక్కన గోడకి ఆనించి మోపెడ్, ముందుచక్రం వీధివైపు. ఫోన్లో మాట్లాడిన బాబాయ్ భార్య మా ఆయన్ని చూడగానే లేచి కుర్చీ ఫ్యాను కిందకి జరిపింది. నిద్రలోనే పోయాడట, ఎవరినీ లేపలేదట. నాకు ఏడుపు వచ్చింది. నేను చెప్పగలిగింది ఒక్కటే, అదే చెప్పాను.

"బాబాయ్ ఆ రోజు గాలి సరిచెయ్యకపోతే ఈయన హాస్పిటల్‌కి వచ్చేవారే కాదమ్మా. మొదటిరోజే హాయిగా నిద్రపోయారు బండిలో."

ఆవిడ కళ్ళు తుడుచుకుంటూనే చిన్నగా నవ్వింది.

"తొంగోలేదు కదమ్మా బాబుగారు. ఈయన ఇంటికొచ్చి సెప్పి ఒకటే నవ్వు."

నాకు అర్థం కాలేదు.

"ముప్పైయేళ్ళు ఏసీ బోగీల్లో రాత్రుళ్ళు డ్యూటీ సేసేరు. ఎవులు తొంగున్నారో, ఎవులు కళ్ళు మూసుకున్నారో ఊపిరి బట్టి సెప్పీసేవోరు. బాబుగారు మెలకువగానే ఉన్నారని తెలిసే మిమ్మల్ని కదిపేరంట. అమ్మ ఎదురుగా సెప్పదు, బాబుగారు ఎదురుగా వినరు, ఇలగైనా సెవిలో పడతాదిలే అన్నారు."

నేను మా ఆయనవైపు తిరిగాను. ఆయన గోడ మీది క్యాలెండర్ చూస్తున్నారు.

"మెలకువగా ఉన్నారా?"

ఏడాది కాలంగా గాలి గొప్పదనమని నేను ఊరంతా చాటుకుంటుంటే, ఈ మనిషి పక్కనే కూర్చుని విన్నారు. కుళాయి తిప్పి ఏడుస్తానన్న సంగతి ఆయనకి ఆనాటినుంచీ తెలుసు. నాకు కోపం రావాలి, రాలేదు. ఆవిడ మంచినీళ్ళు ఇచ్చింది. తాగాం. లేచేటప్పుడు నేను ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాను.

బండి దగ్గరికి వచ్చాక మా ఆయన వెంటనే ఎక్కలేదు. తలుపు పట్టుకుని నిలబడి, ఊపిరి కూడదీసుకుని, నావైపు చూడకుండా తనే అడిగారు.

"రేపు కాదు కదూ, ఎల్లుండి కదా మనం హాస్పిటల్‌కి వెళ్ళాల్సింది?"

"అవును" అన్నాను. "ఎల్లుండి."